బక్కపాణానికీ గుండెపోటే

(బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దగ్గర అంబేద్కర్ జయంతి నెలలో జరిగిన బస్తీ సభలో చేసిన ప్రసంగ పాఠం. మార్కెట్ హమాలీలు, చుట్టుపక్కల బస్తీల ఆడవాళ్లు, మేడ్చల్, సిద్దిపేట దిక్కు వూళ్ల నుండి వచ్చిన సంఘం కార్యకర్తలు సభలో వున్నారు.)



ముందే ఒక మాట చెప్పాలి. మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. మా ఇంట్లో పలక పట్టిన మొదటి తరం మాది. మా నాయిన వేలిముద్ర వేసిన చోట మేము సంతకం పెడుతున్నాం. మరి డాక్టరు చెప్పవలసిన సంగతి పంతులు ఎందుకు చెబుతున్నడు అని మీరు అడగవచ్చు. చదువు వచ్చి కూడా ఒక కాగితాన్ని సరిగ్గా చదవలేకపోయినం. ఆ తప్పుకు మా ఇంట్లో ఒక మనిషి పోయిండు. ఆ కాగితంలో ఏముందో ఇవాళ మీ అందరికీ చదివి చెప్పాలని వచ్చినం.

మా అన్న కాగితం

మా పెద్దన్న ఈ మార్కెట్‌లోనే హమాలీ. ఇరవై రెండేండ్లు ఇక్కడ మూటలు మోసిండు. డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టుకున్న ఈ యార్డులో ఆయన వీపు మీద దిగని కూరగాయ లేదు. సన్నటి మనిషి. పొట్ట అనేదే లేదు. మనిషిని చూస్తే గుండెజబ్బు అన్న మాట ఎవరి నోటా రాదు.

ఒకసారి బస్తీలో ఉచిత వైద్య శిబిరం పెట్టిన్రు. రక్తం తీసుకున్నరు, బీపీ చూసిన్రు, వారం తర్వాత ఇంగ్లీషులో వున్న ఒక కాగితం చేతిలో పెట్టిన్రు. ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు. అన్న ఆ కాగితం తీసుకొని మా దగ్గరికి వచ్చిండు. "నువ్వు సదువుకున్నోడివి గదరా తమ్మీ, ఏం రాసిన్రో చూడు" అన్నడు. చూసినం. మొత్తం కొలెస్ట్రాల్ 188 అని వుంది. 200 లోపల వుంటే మంచిదని ఎక్కడో చదివి వున్నాం. "ఏం లేదన్నా, అంతా మంచిగనే వుంది" అన్నం. అన్న నవ్వి కాగితం మడిచి చూరులో చెక్కిండు.

ఏడాది దాటి రెండు నెలలకు, తెల్లవారుజామున నాలుగు గంటలకు, టమాట డబ్బాలు దించుతుంటే అన్నకు ఛాతీ బరువెక్కింది. చెమటలు పట్టినయి. ఎడమ చెయ్యి లాగింది. "గ్యాసు" అన్నరు పక్కవాళ్లు. సోడా తాగిండు. దగ్గర్లో వున్న ఆరెంపీ గ్యాసుకని సూది వేసిండు. అన్న పోయి గదిలో పడుకున్నడు. తొమ్మిది గంటలకు ఆటోలో వేసుకొని ఒక ప్రైవేటు దవాఖానకు పోతే ముందు పైసలు కట్టమన్నరు. అక్కడి నుండి ఇంకో దవాఖానకు పోయేసరికి పాణం లేదు. నలభై తొమ్మిదేండ్ల మనిషి.

దినాలు అయినంక చూరులో నుండి ఆ కాగితం తీసి మళ్లీ చదివినం. ఈసారి పై గీత దగ్గర ఆగలేదు, కింది దాకా చదివినం. హెచ్‌డీఎల్ 27. ట్రైగ్లిజరైడ్లు 310. మూలకు పెన్నుతో బీపీ 160, 100 అని రాసి వుంది. ఆ మూడు అంకెలూ అరుస్తూనే వున్నయి. మేమే వినలేదు.

ఇది పెద్దోళ్ల రోగమా?

గుండెజబ్బు అంటే మన మనసులో ఒక బొమ్మ వుంది. కారులో తిరిగే లావుపాటి సేటు, నెయ్యి కారే కంచం, ఏసీ గది. మనకు వచ్చేవి క్షయ, మలేరియా, రక్తహీనత అనుకుంటాం. అవి మనల్ని ఇంకా విడిచిపెట్టలేదు, నిజమే. కానీ వాటికి తోడు ఇదీ వచ్చి మన గుడిసెలో కూర్చుంది.

లెక్క చూడండి. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 వూళ్లలో, దాదాపు లక్షా ఎనభై వేల జనంలో, ఏడాది పొడుగునా ఎవరు చచ్చిపోయారు, దేనితో చచ్చిపోయారు అని ఇల్లిల్లూ తిరిగి రాశారు. 1,354 చావులు. అందులో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. సగం గుండెపోట్లు, సగం పక్షవాతం. అంటువ్యాధుల చావులు నూటికి 12 మాత్రమే. ఇది పట్నం లెక్క కాదు, పల్లె లెక్క. మూడు పాడెలు లేస్తే అందులో ఒకటి గుండెదో, నెత్తురు గడ్డదో అన్నమాట.

ఇంకొక లెక్క. లోకంలోని చాలా దేశాల గుండె రోగులను పోల్చి చూసిన పరిశీలన ఒకటి 2007లో అచ్చయింది. మొదటి గుండెపోటు వచ్చే నడిమి వయసు మన దక్షిణాసియా వాళ్లలో 53 ఏండ్లు, మిగతా దేశాల వాళ్లలో దగ్గర దగ్గర 59 ఏండ్లు. అంటే మనకు ఆరేండ్ల ముందే వస్తోంది. ఆడపిల్ల పెండ్లి కాకముందే, అప్పు తీరకముందే, ఇంటి దూలం విరుగుతోంది. వున్నోడి ఇంట్లో గుండెపోటు వస్తే దుఃఖం. మన ఇంట్లో వస్తే దుఃఖంతో పాటు అప్పు, బడి మానేసిన పిల్లలు, వలస.

రక్తంలో మోతలు, సఫాయి

ఇప్పుడు కొలెస్ట్రాల్ అంటే ఏమిటో చూద్దాం. అది విషం కాదు. మైనం లాంటి ఒక పదార్థం. మన కాలేయమే దాన్ని తయారు చేస్తుంది. ఒంట్లోని కణాల గోడలు కట్టడానికి అది కావాలి. కానీ మైనం నీళ్లలో కలవదు కదా, నెత్తుట్లోనూ కలవదు. అందుకని దాన్ని మోసే బండ్లు కావాలి.

మన మార్కెట్‌నే చూడండి. రాత్రి లారీలు వస్తయి, సరుకు దించుతయి. కుళ్లినవి, నలిగినవి సందుల్లో పడిపోతయి. పొద్దున మన సఫాయి అక్కలు వచ్చి ఊడ్చి ఎత్తుతరు. లారీలు ఎక్కువైనా దారి మూసుకుంటది, సఫాయి అక్కలు తక్కువైనా దారి మూసుకుంటది. ఒంట్లో సరుకు మోసుకొచ్చి దించే బండి పేరు ఎల్‌డీఎల్. అది మితి మీరితే మైనం రక్తనాళం గోడలో దిగబడుతుంది. ఊడ్చి కాలేయానికి తిరిగి చేర్చేది హెచ్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్లు అంటే తిన్నది ఖర్చు కాక మిగిలి నెత్తుట్లో తిరిగే కొవ్వు. గోడలో దిగబడిన మైనం ఏండ్లు గడిచేకొద్దీ పుండులా మారుతుంది. ఒకనాడు ఆ పుండు పగిలి, దాని మీద నెత్తురు గడ్డకట్టి, గుండెకు నెత్తురు తెచ్చే దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. మెదడుకు పోయే దారి మూసుకుపోతే పక్షవాతం.

కాగితంలో చూడవలసిన అంకెలు నాలుగు. మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపల వుండాలి. ఎల్‌డీఎల్ 100 లోపల వుంటే మంచిది. హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 దాటి వుండాలి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపల వుండాలి. మొదటి అంకె ఒక్కటే చూసి లేచిపోకూడదు. మేము చేసిన తప్పు అదే. మా అన్న ఒంట్లో లారీలు ఎక్కువ కాలేదు. ఊడ్చేవాళ్లు లేరు, చెత్త పెరిగింది.

ఇది మా అన్న ఒక్కడి సంగతి కాదు. దేశమంతటా రాష్ట్రాల వారీగా లక్షా పదమూడు వేల మందిని చూసిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. ఇరవై ఏండ్లు దాటినవాళ్లలో నూటికి 81 మందికి ఈ నాలుగు లెక్కల్లో ఏదో ఒకటి తప్పింది. ఎక్కువమందిలో తప్పింది హెచ్‌డీఎల్, అంటే ఊడ్చేవాళ్ల కొరత. నూటికి 35 మందికి బీపీ వుంది. పట్నంలో కొంచెం ఎక్కువ కావచ్చు, కానీ పల్లె తప్పించుకోలేదు.

కంచం ఎట్ల మారింది?

ఇది మన ఒంట్లోకి ఎట్ల వచ్చింది? కంచం దగ్గర మొదలుపెడదాం.

మా అవ్వ కాలంలో జొన్నగట్క, తైదంబలి, సజ్జరొట్టె, కొర్రల బువ్వ. దొరల ఇండ్లలో వడ్లు దంచింది మన ఆడవాళ్లే. బియ్యం దొరలకు పోయేది, నూకలు, తౌడు మనకు వచ్చేవి. ఆ రోజులు బంగారం అని మేము చెప్పడం లేదు. ఆకలి వుండేది, వెట్టి వుండేది. తెల్లన్నం పండుగనాటి కల. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు మన వాడల్లో పొయ్యి రోజూ వెలిగింది. మేము ఆ బువ్వ తిని పెరిగినవాళ్లమే. ఆ బియ్యాన్ని తక్కువ చేసి మాట్లాడితే మా నోరు మాకే ఒప్పదు.

కానీ ఆకలి తీరింది అనుకున్న చోటే ఇంకొక లోటు మొదలైంది. మూడు పూటలా పాలిష్ పట్టిన తెల్ల బియ్యమే. పక్కన నీళ్ల పప్పు, పచ్చిపులుసు, కారం మెతుకులు. పప్పు ధర ఎక్కింది, చేపల చెరువు కాంట్రాక్టు పోయింది, జొన్న చేను పత్తి చేను అయింది. పొట్టు తీసిన పిండిపదార్థం కంచం నిండా వుండి, పప్పు, కూర, చేప, గింజ తక్కువైతే కాలేయం ఆ పిండిని కొవ్వుగా మార్చి నెత్తుట్లోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, హెచ్‌డీఎల్ పడిపోతుంది. చుక్క నెయ్యి తినకుండానే నెత్తుట్లో కొవ్వు పేరుకునే దారి ఇది. తార్నాకలో వున్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టిందే 1918లో, కూనూరులో, బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు. బెరిబెరి పాలిష్ బియ్యం తెచ్చిన జబ్బు. బియ్యానికి పై పొర తీసేస్తే ఏమవుతుందో నూరేండ్ల కింద నుండి తెలుసు. తెలిసి కూడా పేదోడి సంచిలో పోసింది ఆ బియ్యమే.

రెండోది నూనె. 1994లో పామోలిన్ దిగుమతికి కేంద్రం తలుపులు తెరిచింది. ఉమ్మడి రాష్ట్రంలో రేషన్ షాపుల్లోనూ పామాయిల్ పాకెట్లు ఇచ్చారు. గానుగలు మూతపడ్డాయి. పామాయిల్‌లో సగం దాకా వుండేది గడ్డకట్టే రకం కొవ్వు, అది ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. ఇక బజ్జీల బండి మీద పొద్దటి నుండి రాత్రి దాకా మరిగిన నల్లనూనె సంగతి చెప్పనక్కరలేదు. ఈ మార్కెట్‌కు మన వూళ్ల నుండి టమాట, వంకాయ, బెండకాయ వస్తది. తిరుగు బండిలో మన వూళ్లకు పోయేది నూనె పాకెట్లు, బిస్కెట్ పుడలు, గుట్కా దండలు. కూరగాయ పండించినోడి కంచంలో కూరగాయ లేదు.

మూడోది పొగ. బీడీ, చుట్ట, గుట్కా. మా అన్న రోజుకు రెండు కట్టలు తాగేవాడు. ఆకలి చంపుకోవడానికి, నిద్ర ఆపుకోవడానికి బీడీ. అది హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, రక్తనాళం గోడను గీరుతుంది, నెత్తురును గడ్డ కట్టిస్తుంది. నాలుగోది గుడుంబా, సారా, చీప్ లిక్కర్. అవి ట్రైగ్లిజరైడ్లనూ బీపీనీ పెంచుతాయి. ఐదోది ఉప్పు. తొక్కు, ఎండుచేప, ఉప్పుకారం మెతుకులు. కూర లేని కంచానికి ఉప్పే కూర. ఉప్పు కొలెస్ట్రాల్‌ను పెంచదు, బీపీని పెంచుతుంది. బీపీ గోడను పగలగొడుతుంది, కొవ్వు ఆ పగుల్లో దూరుతుంది. ఇద్దరు దొంగలు కలిసి వచ్చే తీరు అది.

మరి రెక్కల కష్టం చేసేవాళ్లకు రాదు కదా అంటారు. కష్టం కాపాడుతుంది, నిజమే. కానీ పొగ, బీపీ, తిండి లోటు మూడూ కలిస్తే ఒక్క కష్టం ఎంతని ఆపుతుంది? పైగా కోత మిషన్లు వచ్చి వూళ్లో పని తగ్గింది. పట్నంలో ఒక రాత్రంతా మోత, మూడు రోజులు ఖాళీ.

పెద్దకూర నింద

అన్న చనిపోయిన రోజు ఆ దవాఖానలో ఒక డాక్టరు మా మొఖం చూసి, మా వాడ పేరు విని, "మీరు పెద్దకూర తింటరు గద, అందుకే" అన్నడు. శవం పక్కన నిలబడి ఆ మాట విన్నాం. బీపీ ఎంత వుండేది అని అడగలేదు, బీడీ తాగేవాడా అని అడగలేదు.

దీనికి తొందరపడకుండా జవాబు చెప్పాలి. మాంసం చుట్టూ వుండే తెల్లటి కొవ్వు, చర్వి, అది ఏ జంతువుదైనా ఎక్కువ తింటే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ఇది శాస్త్రం, దీన్ని దాచం. కాబట్టి కొవ్వు తీసేసి ఎర్ర కండ వండుకోండి, చర్విలో వేయించకండి, కండ పక్కన ఆకుకూర పెట్టుకోండి. కానీ మా అన్న నెలకు రెండుసార్లు తిన్న కూర వల్ల పోలేదు. రక్తం తక్కువైన మన ఆడవాళ్లకు, ఎదిగే పిల్లలకు, తక్కువ ధరలో దొరికే మాంసకృత్తులు, ఇనుము ఆ కూరలోనే వున్నాయి. పైగా ఒక ప్రశ్న అడుగుతున్నాం. నేతిలో వున్నది కూడా గడ్డకట్టే కొవ్వే గదా? నెయ్యి తినేవాడికి గుండెపోటు వస్తే "పాపం, టెన్షన్" అంటరు. మనకు వస్తే కూరను తిడతరు, కూరతో పాటు కులాన్ని తిడతరు. గుండెకు కులం తెలియదు. దవాఖానకు తెలుస్తోంది.

కడుపులో వున్నప్పటి ఆకలి

ఇక అన్నిటికంటే లోతైన సంగతి చెబుతాం. గుండెజబ్బు విత్తనం కొంతవరకు తల్లి కడుపులోనే పడుతుందని ఇవాళ శాస్త్రజ్ఞులు అంటున్నారు. తల్లి అర్ధాకలితో వుంటే కడుపులో బిడ్డ ఉన్నదానితోనే సర్దుకొని చిన్నగా పెరుగుతుంది. ముందు మెదడును కాపాడుకుంటుంది, కండను, కాలేయాన్ని తగ్గించుకుంటుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక కంచం నిండా తెల్లన్నం పడితే ఆ ఒళ్లు దాన్ని తట్టుకోలేదు. మనిషి బక్కగా కనబడినా లోపల కొవ్వు, షుగరు, బీపీ.

దీనికి మన పక్కనే, హైదరాబాదు దగ్గరి పల్లెల్లోనే ఒక సాక్ష్యం వుంది. 1987 నుండి 1990 వరకు రంగారెడ్డి జిల్లాలో 29 వూళ్లను జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు గమనించారు. అందులో 15 వూళ్లకు అంగన్‌వాడీ తిండి వచ్చింది. మక్క, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా, గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు పిల్లలకు. మిగతా 14 వూళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. 2003 నుండి 2005 దాకా మళ్లీ పోయి, అప్పటికి 13 నుండి 18 ఏండ్లున్న 1,165 మంది పిల్లలను పరీక్షించారు. ఉప్మా అందిన వూళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. షుగరు జబ్బుకు దారి తీసే లక్షణం వాళ్లలో తక్కువ. రక్తనాళాల బిరుసుతనం తక్కువ. కొలెస్ట్రాల్‌లో, బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంగన్‌వాడీ ఉప్మా అన్ని రోగాలకూ మందు అని మేము అనడం లేదు. ఒక పిడికెడు ఉప్మా పదిహేనేండ్ల తర్వాత కూడా రక్తనాళంలో కనబడింది. ఆ మాట చాలు మనకు.

ఆలోచించండి. పథకం ముందు వచ్చిన వూరు, వెనుక వచ్చిన వూరు. ఈ రెంటికీ నడుమ తేడా పిల్లల నెత్తుటి గొట్టాల్లో రాసి వుంది. ఆ 29 వూళ్లలో మా వూరు లేదు, కానీ మాదీ ఆ కాలపు బాల్యమే. మా అన్న పుట్టినప్పుడు మా అమ్మ నిండు నెలల దాకా నాట్లు వేసింది, ఒక పూట తిని. అన్న నలభై తొమ్మిదేండ్లకు పోవడం ఆ రోజే సగం రాసి పెట్టి వుందేమో. రాసింది బ్రహ్మ కాదు. ఆకలి రాసింది, ఆ ఆకలిని పెట్టినవాళ్లు రాసిన్రు.

స్టెంటుకు పైసలున్నయి, గోలీకి లేవా?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్లు పేదోడి దాకా వచ్చాయి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. మంచిదే. అది మన హక్కు, వదులుకోవద్దు. కానీ ఆరోగ్యశ్రీ ముఖ్యంగా దవాఖానలో పడుకున్నవాడికి. పడుకోకుండా ఆపే రోజువారీ గోలీ సంగతి ఏమిటి? గుండె పగిలినంక లక్షలు, పగలకముందు రూపాయి గోలీ లేదు. లక్షలు ఎవరి జేబుకు పోతున్నయో మీరే చూసుకోండి.

2011లో 17 దేశాల మీద ఒక పరిశీలన అచ్చయింది. అప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చిన మనుషుల్లో, మన దేశం లాంటి పేద దేశాల్లో నూటికి 80 మంది వేసుకోవలసిన మందుల్లో ఒక్కటీ వేసుకోవడం లేదు. పల్లెల్లో ఇంకా అన్యాయం. ఆ మందులేమీ అమెరికా నుండి తెచ్చే అపురూపాలు కావు. ఆస్పిరిన్, బీపీ గోలీ, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీ. జనరిక్ షాపులో చవకగా దొరుకుతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు గోలీలు ఉచితంగా ఇవ్వాలని ప్రభుత్వ కార్యక్రమమే వుంది. 2018 నుండి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా రక్త పరీక్షలు ఉచితం, కొవ్వుల పరీక్ష కూడా అందులో వుంది. బస్తీ దవాఖానలు కూడా 2018లోనే మొదలయ్యాయి. వున్నదాన్ని అడిగి తీసుకోవడం మొదటి పని, లేనిదాని కోసం కొట్లాడడం రెండో పని.

ఇంట్లో, సంఘంలో, సర్కారు దగ్గర

ఇంట్లో చేయవలసినవి. ముప్పై ఏండ్లు దాటిన ప్రతి మనిషీ ఏడాదికి ఒకసారి బీపీ, షుగరు, కొవ్వుల పరీక్ష చేయించుకోవాలి. ఆడవాళ్లు ముఖ్యంగా. ముట్లు ఆగినంక ఆడవాళ్లకూ ఈ ముప్పు పెరుగుతుంది, కానీ వాళ్లను దవాఖానకు తీసుకుపోయేవాళ్లు వుండరు. బీడీ, గుట్కా మానాలి. తగ్గించడం కాదు, మానడం. మూడు పూటల తెల్లన్నంలో ఒక పూట జొన్నరొట్టె గాని తైదంబలి గాని. పుంటికూర, తోటకూర, పొనగంటి కూర పొలం గట్టున వూరికే దొరుకుతాయి, వాటికి సిగ్గుపడకండి. వారానికి రెండుసార్లు చేప దొరికితే మంచిది, పిడికెడు పల్లీలు మంచివి. నూనె మనిషికి నెలకు ముప్పావు లీటరు దాటకూడదు. ఉప్పు మొత్తం మీద రోజుకు ఒక చిన్న చెంచా, 5 గ్రాములు. డాక్టరు గోలీలు రాస్తే "ఇప్పుడు బాగనే వుంది" అని నడుమ ఆపకండి. బాగుండేది గోలీ వల్లనే.

గుండెపోటు గుర్తులు నోటికి నేర్చుకోండి, పిల్లలకు ఎక్కం నేర్పినట్టు నేర్పండి. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, ఎడమ చెయ్యికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం, వాంతి వచ్చినట్టుండడం. ఆడవాళ్లకు, షుగరు వున్నవాళ్లకు నొప్పి లేకుండా వుత్త ఆయాసం, నీరసంతోనే రావచ్చు. పావుగంటలో తగ్గకపోతే గ్యాసు అనకండి, సోడా తాగి పడుకోబెట్టకండి. 108కు ఫోన్ చేయండి. బండి ఆలస్యమైతే ఏ బండి దొరికితే దాంట్లో ఈసీజీ వున్న దవాఖానకు పోండి. మన దిక్కున గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లలో గుండె విభాగాలున్నాయి. గడ్డను కరిగించే సూది మొదటి రెండు మూడు గంటల్లో వేస్తే ఎక్కువ పని చేస్తుంది, ఆలస్యమైన కొద్దీ గుండె కండ చచ్చిపోతుంది. మా అన్నకు నాలుగు గంటలకు నొప్పి వచ్చింది. తొమ్మిది దాకా ఐదు గంటలు గ్యాసుకు ఇచ్చేసినం.

సంఘం చేయవలసినవి. ప్రతి సంఘం ఒక బీపీ మిషన్ కొనాలి. జెండా కర్రకు చందా వేసుకున్నట్టే దీనికీ వేసుకోవాలి. చదువుకున్న పిల్లలు ఇద్దరు దాన్ని వాడడం నేర్చుకొని నెలకోసారి వాడలో అందరికీ చూసి నోటుబుక్కులో రాయాలి. రిపోర్టు కాగితాలు చదివి తెలుగులో చెప్పాలి. మా లెక్క మొదటి గీత దగ్గర ఆగిపోవద్దు. జహీరాబాదు దిక్కు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మన దళిత అక్కలు బీడు భూముల్లో జొన్నలు పండించి, 1990లలోనే తమ సొంత గింజల రేషన్ నడిపించిన్రు. అక్షరం రాని అక్కలు చేయగలిగింది మనం చేయలేమా?

సర్కారును అడగవలసినవి. 2025 ఉగాది నుండి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. పేదోడు కూడా సన్నన్నం తినాలి, అది ఇజ్జత్ సంగతి, మేము కాదనం. కానీ ఆ బియ్యంతో పాటు పప్పు, జొన్నలు, మంచి నూనె కూడా ఇవ్వాలి. ఆరోగ్యలక్ష్మి పేరుతో 2015 జనవరి నుండి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు పెట్టారు. ఆ గుడ్డు మన వాడలో ప్రతి తల్లి నోటి దాకా రోజూ చేరుతోందా అని సంఘం లెక్క చూడాలి. చేరకపోతే ఎంపీడీవో ఆఫీసు ముందు కూర్చోవాలి. ఆరోగ్య కేంద్రంలో బీపీ గోలీలు, స్టాటిన్ గోలీలు నెల నెలా ఆగకుండా ఇవ్వాలి. "స్టాకు లేదు" అన్న జవాబును కాగితం మీద రాసి ఇమ్మని అడగాలి. రిపోర్టులు తెలుగులో ఇవ్వాలి.

చివరగా ఒక మాట. బాబాసాహెబ్ షుగరు జబ్బుతో ఏండ్ల తరబడి బాధపడి 1956 డిసెంబరు 6న, 65 ఏండ్లకే వెళ్లిపోయారు. ఆయన ఇంకో పదేండ్లు వుంటే అని మనం ప్రతి ఏడాదీ అనుకుంటాం. మన వాడలో ప్రతి ఇంటికీ ఒక పెద్దదిక్కు వుంది. ఆ మనిషి ఇంకో పదేండ్లు వుంటే అనే మాట రేపు ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు.

మా అన్న కాగితం మా జేబులోనే వుంది. సభ అయినంక మీ కాగితాలు తీసుకొని రండి. కూర్చొని చదువుదాం, ఈసారి కింది గీత దాకా చదువుదాం.

జై భీమ్.